ఆరని కొవ్వొత్తి

కువైట్‌లో తెలుగువాళ్ళు ఇద్దరు కలిస్తే మొదట అడిగేది ఏ ఊరని, ఆ తర్వాత అడిగేది ఏం పని అని. చినబాబు మొదటిదానికి "అంబాజీపేట దగ్గరండి" అని మామూలుగానే చెప్పేవాడు. రెండోదానికి మాత్రం మెడ కాస్త నిటారుగా పెట్టి "కెమిస్ట్రీ లేబండి" అనేవాడు. అడిగినవాళ్ళు ఈయనెవరో పెద్ద సైంటిస్టు కాబోలనుకుని ఓ మెట్టు కిందికి దిగేవారు. ఇండియన్ స్కూల్లో సీసాలు కడిగే ఉద్యోగమని కాసేపట్లో తెలిసేది. దిగిన మెట్టు గబగబా మళ్ళీ ఎక్కేసేవారు. లోకం తీరే అంత. చినబాబు దానికి బాధపడేవాడు కాదు, నవ్వి ఊరుకునేవాడు.

చదువు అతనికి అచ్చిరాలేదు. పదో తరగతి రెండుసార్లు రాస్తే రెండుసార్లూ సైన్సులోనే బోల్తా పడ్డాడు. కొన్నాళ్ళు కొబ్బరికాయలు ఒలిచాడు. యుద్ధం అయిపోయి కువైట్ మళ్ళీ ఇళ్ళూ గోడలూ కట్టుకుంటున్న రోజుల్లో, ఊళ్ళోవాళ్ళతో పాటు అతనూ విమానం ఎక్కాడు. మొదట సబ్హాన్‌లో ఒక గోడౌన్‌లో బస్తాలు మోశాడు. తర్వాత స్కూల్లో ఫరాష్‌గా చేరాడు, అంటే టీలు ఇచ్చి బల్లలు తుడిచే బంట్రోతన్నమాట. లేబ్‌లో పనిచేసే మలయాళీ ముసలాయన ఇంటికి వెళ్ళిపోతూ, చెయ్యి వణకని మనిషెవరైనా ఉన్నారా అని వెతికితే చినబాబు దొరికాడు. అలా సైన్సులో బోల్తా పడ్డవాడు సైన్సు గదికే కాపలాదారు అయ్యాడు.

ఆ పని అతనికి ప్రాణం. కడిగిన గాజుమీద నీళ్ళు బొట్లుబొట్లుగా నిలబడితే అది కడిగినట్టు కాదు, పల్చటి పొరలా జారిపోవాలి. అలా జారేదాకా వదిలేవాడు కాదు. గాజు పెట్టెలో ఉండే సున్నితపు త్రాసుని పసిపిల్లకి తల తుడిచినట్టు తుడిచేవాడు. పిల్లలు బీకరు పగలగొడితే టీచరు కంటే ముందు తనే ముఖం చిన్నబుచ్చుకునేవాడు.

కెమిస్ట్రీ చెప్పే పద్మశ్రీ మేడం రాజమండ్రి మనిషి. మిగతా టీచర్లు సూత్రాలు గడగడా అప్పజెప్పి గంట కొట్టగానే వెళ్ళిపోయేవారు. ఈవిడ అలా కాదు, పాఠాన్ని హరికథలా నడిపించేది. తొమ్మిదో తరగతి వాళ్ళకి ఏటా ఒక రోజు ఫ్రాన్సు దేశపు లెవోయిజర్ కథ చెప్పేది. ఆ రోజు చినబాబు ట్రే పట్టుకుని తలుపు దగ్గర నిలబడి, అక్కడే ఉండిపోవడానికి ఏదో ఒక సాకు వెతుక్కునేవాడు. ఇంగ్లీషులో సగం జారిపోతే, పిల్లలు వెళ్ళాక ఆవిడనే అడిగి తెలుగులో పూడ్చుకునేవాడు.

వస్తువు మండితే అందులోంచి ఏదో బయటికి పోతుందని పండితులంతా నమ్మిన కాలమట అది. లెవోయిజర్ నమ్మలేదు. గాజు పాత్రలో లోహం పెట్టి, మూతి మూసేసి, రోజుల తరబడి కాచి, ముందూ వెనకా త్రాసులో తూచాడు. తూకం మారలేదు. పాత్రలోని గాలి తరిగింది, ఆ తరిగినంతా లోహాన్ని పట్టుకుని కూర్చుంది. మంట అంటే గాలిలోని ఒక భాగాన్ని తినడమేనని, ఆ భాగమే ప్రాణవాయువని, మన ఊపిరి కూడా పొయ్యిలో మంటలాంటిదేనని, కాకపోతే నిదానంగా మండుతుందని ఆయన తేల్చాడు. రసాయన శాస్త్రం అంతవరకూ వంటింటి చిట్కాల మూట. ఆయన దాన్ని లెక్కలోకి తెచ్చాడు. చివరికి ఆ దేశంలో రాజుని దింపేసిన గొడవల్లో, పన్నులు వసూలు చేసే కంపెనీలో భాగస్తుడన్న నేరం మీద ఆయన తల తీసేశారు.

ఇంత కథా చెప్పి పద్మశ్రీ మేడం ఒక కొవ్వొత్తి వెలిగించి దానిమీద గాజు సీసా బోర్లించేది. మంట కాసేపు నిలబడి, కుంగి, నీలంగా మారి, ఆరిపోయేది. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. చినబాబుకి మాత్రం ఏ ఏడాదికా ఏడాది గుండెలో కలుక్కుమనేది. మిగిలిన కొవ్వొత్తి ముక్కని పారెయ్యకుండా సొరుగులో దాచేవాడు.

ఇంటికి తీసుకెళ్ళి చెప్పడానికి అతనికి మనిషి ఉంది, ఇల్లే లేదు. మేనమామ కూతురు సూరాయమ్మని సెలవులో వెళ్ళి పెళ్ళి చేసుకున్నాడు. మూడేళ్ళు ఊళ్ళో ఎదురుచూసి, ఇక తనవల్ల కాదని ఆమే ఏజెంటుని పట్టుకుని ఇంటిపని వీసా మీద వచ్చేసింది. సాల్మియాలో ఒక కువైటీ ఇంట్లో పని, ఉండటం తినడం అక్కడే. చినబాబుదేమో ఎనిమిది మంది బ్రహ్మచారుల గదిలో ఒక మంచం. ఒకే దేశంలో ఉండి కూడా మొగుడూ పెళ్ళాం నెలకి ఒకటి రెండు శుక్రవారాలు చుట్టాల్లా కలుసుకునేవారు. వాళ్ళకి చోటిచ్చింది రిగ్గైలో కాపురముంటున్న అచ్చిబాబు. అతనిదీ వీళ్ళ ఊరే, అల్ రాయ్‌లో కార్ల షెడ్డులో మెకానిక్కు. శుక్రవారం మధ్యాహ్నం భోజనం పెట్టి, పెళ్ళాన్ని తీసుకుని కావాలనే జమియా బజారుకి సామాన్లు కొనడానికి వెళ్ళిపోయేవాడు. అంతకంటే మర్యాద మరొకటి ఉండదు.

అలాంటి ఒక శుక్రవారం చినబాబు జేబులోంచి కొవ్వొత్తి ముక్క తీసి, అచ్చిబాబు ఇంట్లో ఖాళీ ఊరగాయ సీసా దానిమీద బోర్లించాడు. సూరాయమ్మ బాసింపట్టు వేసుకుని చూసింది. మంట ఆరిపోయేసరికి ఉలిక్కిపడింది.

"ఎవరూ ఊదలేదు కదా బావా, ఎలా ఆరిపోయింది?"

"సీసాలో గాలంతా తినేసింది సూరీ. ఇంక లేక సచ్చిపోయింది. మనవూ అంతేనంట. మన ఊపిరి కూడా సన్నటి మంటేనంట. మేడం సెప్పారు."

"అయితే మన లోపల కూడా కొవ్వొత్తి ఉన్నట్టేనా?"

"ఆయ్. ఉన్నట్టే."

ఆమె తన గుండెల మీద చెయ్యి వేసుకుని చూసుకుంది. తర్వాత అతను లెవోయిజర్ కథ చెప్పాడు. ఆమెకి లెవోయిజర్ మీద కంటే ఆయన భార్య మీద ఎక్కువ ఆసక్తి కలిగింది. ఆ ఇల్లాలు మొగుడి కోసం పరాయి భాషలు నేర్చుకుని పుస్తకాలు చదివి చెప్పిందని, ప్రయోగాలన్నిటికీ బొమ్మలు గీసిందని, ఒక బొమ్మలో ఒక పక్కన బల్ల ముందు కూర్చుని రాసుకుంటున్నట్టు తనని కూడా గీసుకుందని చినబాబు చెప్పాడు.

"తననీ ఏసుకుందా? మంచి పని సేసింది. లేపోతే ఆవిడక్కడ ఉన్నట్టు ఎవరికి తెలుత్తాది?" అంది సూరాయమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నవ్వలేదు.

అప్పట్నుంచి ఎప్పుడు కలిసినా "మీ ఫ్రెంచాయన ఎలా ఉన్నాడు?" అని పలకరించేది, ఆయనేదో రిగ్గైలో పక్క బిల్డింగులో ఉంటున్నట్టు. చినబాబు ఆమెని లెవోయిజరమ్మా అని పిలిచేవాడు. ఆమె కసిరేది గానీ మళ్ళీ పిలిస్తే పలికేది. పిల్లలు కలగలేదని ఊళ్ళో ఎవరైనా ఫోన్‌లో సణిగితే, "ఒక కప్పు కింద ఉంటే కదండీ కలగడానికి, ఇక్కడ మా ఆయన ఒక కొంప, నేనొక కొంప" అని నవ్వేసేది. ఫోన్ పెట్టేశాక ఆ నవ్వు ఉండేది కాదు.

2007 చివర్లో ఆ ఒక కప్పు దొరికింది. సూరాయమ్మ మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, మంచి మనిషే. ఆఖరి పిల్లవాడు బడికి పోతున్నాడు కనక ఈ చలికాలం ఖైమాలు అయిపోయాక పగటిపని చేసి రాత్రికి మొగుడి దగ్గరికి వెళ్ళవచ్చని మాట ఇచ్చింది. చలికాలం రాగానే కువైటీలు ఎడారిలో గుడారాలు వేసుకుని మార్చి దాకా వస్తూ పోతూ ఉంటారు. ఆ గుడారాలనే ఖైమాలంటారు. అచ్చిబాబు ఉండే బిల్డింగులోనే చినబాబు ఒక చిన్న గది చూశాడు. కిటికీ ఒకటే, వంటగది పక్కవాళ్ళతో ఉమ్మడి. సూరాయమ్మ ఒక శుక్రవారం వచ్చి గది నాలుగు మూలలా తిరిగి, మంచం ఎటుండాలో చెప్పి, నీలం కర్టెన్ కట్టమంది. రెండు తాళంచెవుల్లో ఒకటి పుచ్చుకుని పసుపుతాడుకి కట్టుకుంది.

"మార్చిలో కదే నువ్వొచ్చేది, ఇప్పట్నుంచీ ఎందుకది?" అన్నాడు చినబాబు.

"నా ఇంటి తాళం నా మెళ్ళో ఉండకపోతే నీ ఫ్రెంచాయన మెళ్ళో ఉంటాదా?" అంది.

ఆ వెంటనే వచ్చిన జనవరిలో పడ్డ చలి కువైట్‌లో ఉన్నవాళ్ళెవరూ మరిచిపోరు. జులైయా వైపు ఎడారిలో రాత్రి బయట పెట్టిన బిందెలో నీళ్ళు పొద్దున్నకి గడ్డ కట్టేవట. చలి అంటే తువ్వాలు భుజం మీద వేసుకోవడమే తెలిసిన కోనసీమ పిల్ల సూరాయమ్మ. పనివాళ్ళ గుడారంలో ఆమెతో పాటు సంజీవమ్మ పడుకునేది. సంజీవమ్మది రాయచోటి వైపు, అదే ఇంట్లో వంటమనిషి. మామా దుప్పట్లు ఇచ్చింది, కరెంటు హీటరు కూడా ఇచ్చింది. కానీ అందరూ పడుకున్నాక జనరేటరు ఆపేసేవారు.

నెల మధ్యలో ఒక శుక్రవారం మామా ఏదో పెళ్ళికి సిటీకి వస్తూ సూరాయమ్మని రిగ్గైలో దించి వెళ్ళింది. ఆమె కొత్త గదిలో మొదటిసారి వంట చేసింది, చేపల పులుసు. తింటూ తింటూ చలి సంగతి చెప్పింది.

"పెద్ద ఖైమాలో టీ కాసుకున్న బొగ్గుల కుంపటి ఉంటాది బావా. ఆళ్ళు పడుకునే ముందు బయట పెట్టేత్తారు. ఎర్రటి నిప్పులు ఊరికే పోతన్నాయి కదా, మా గుడారంలోకి తెచ్చుకుందామంటే సంజీవమ్మక్క వద్దంటంది. వాళ్ళ ఊళ్ళో పెద్దలు గదిలో బొగ్గులు పెట్టుకోకూడదంటారంట."

"పొగొత్తాదా?"

"ఎర్రగా కాలిపోయాక ఇంక పొగెక్కడిది?"

చినబాబు చెయ్యి కడుక్కుని వచ్చి కాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచించడంలో కొంచెం పద్మశ్రీ మేడం పోజు కూడా ఉంది. పెద్దలు ఊరికే అనరు, మంట గాలి తింటుంది కాబట్టి అని ఉంటారు. అయితే గాలి ఎంత మిగిలిందో చెప్పే సాధనం ఒకటుందని పెద్దలకి తెలియదు, చినబాబుకి తెలుసు. పన్నెండేళ్ళుగా తలుపు దగ్గర నిలబడి కళ్ళారా చూస్తున్నాడు. లేచి కిందికి వెళ్ళి, జమియాలో దొరికే లావుపాటి కొవ్వొత్తి ఒకటి కొనుక్కొచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"కుంపటి పెట్టుకున్నప్పుడు ఇది పక్కన ఎలిగించుకో. ఇది ఎలుగుతున్నంతసేపూ గాలి ఉన్నట్టే, నీకేం కాదు. ఆరిపోయిందంటే మాత్రం ఉన్నపళంగా బయటికొచ్చెయ్. గుడారం కొస కూడా కొంచెం ఎత్తి పెట్టుకో."

"నిద్దట్లో ఆరిపోతే?"

"నీకు సీకటైతే మెలకువొచ్చేత్తాది కదే."

అది నిజమే. దీపం లేకపోతే నిద్రపట్టని మనిషి ఆమె. సూరాయమ్మ కొవ్వొత్తిని సంచిలో పెట్టుకుంటూ, "సంజీవమ్మక్కకి సెప్తాను, మా ఆయన లేబులో పనిసేత్తాడు, ఆయన సెప్పాడని" అంది. ఆ గొంతులో గర్వం చూసి చినబాబు పొంగిపోయాడు. ఆ పొంగు తలుచుకుంటే చెబుతున్న నాకే ఇక్కడితో కథ ఆపెయ్యాలనిపిస్తుంది.

తర్వాతి వారంలో ఒక పొద్దున, చినబాబు బ్యూరెట్లు కడిగి స్టాండులో బోర్లిస్తుంటే ఫోన్ వచ్చింది. మామా ఇంటి డ్రైవరు హుస్సేన్ పీరా. "చినబాబన్నా, నువ్వు ఆస్పత్రికి రావాలన్నా" అన్నాడు. ఎందుకని అడిగితే, "నువ్వు రా, చెప్తా" అన్నాడు. అలా అన్నాక ఇంక చెప్పడానికేముంటుంది. చినబాబు చేతిలో ఉన్న బ్యూరెట్టుని జాగ్రత్తగా స్టాండులో పెట్టి, చేతులు తుడుచుకుని, పద్మశ్రీ మేడంతో చెప్పి మరీ వెళ్ళాడు.

సూరాయమ్మ ముఖం ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నట్టుంది. చలికి కందినట్టుంది గానీ పోయిన మనిషి ముఖంలా లేదు. అందుకే అతను చాలాసేపు నమ్మలేదు. దుప్పటి కాళ్ళ దాకా సర్ది, "సల్లగా ఉన్నాయి కాళ్ళు, మేజోళ్ళు తొడగండి" అని నర్సుని అడిగాడు. ఆ అమ్మాయి ఫిలిప్పీన్స్ పిల్ల. తెలుగు ఒక్క ముక్క రాకపోయినా ఆ మాట అర్థమై, ముఖం తిప్పుకుంది.

సంజీవమ్మ బతికింది. మర్నాడు ఆమె దగ్గరికి వెళ్ళాడు. ముక్కుమీది గొట్టం పక్కకి జరిపి ఆమె మెల్లగా చెప్పింది.

"నేను వద్దనే అంటినన్నా. మా ఆయన చెప్పినాడు, దీపం ఉంటే ఏం గాదంట, అనె. సదువుకున్నోడు చెప్పినాడు గదా అని నేనూ సరే అంటి. గుడారం కొస ఎత్తి పెట్టింటిమి, గాలి ఇసురుకి ఇసక కొడతాంటే నేనే మూసేస్తి. నడిరేయి నాకు తలకాయ పగిలిపోయే నొప్పి లేసె, కడుపులో తిప్పె. లెయ్ సూరమ్మా, బయటికి పోదాం, అని లేపితి. కండ్లు తెరిసె అన్నా. నాకూ తల నొస్తాంది అక్కా, అనె. దీపం దిక్కు సూసె. ఎలుగుతాంది గదా అక్కా, ఏం గాదు, పండుకో, అని మళ్ళా కండ్లు మూసె. నేను కక్కుకుందామని బయటికి పొయ్యి ఆడనే ఇసకలో పడిపోతి."

చినబాబు ఆమె మంచం పక్కకి స్టూలు జరుపుకున్నాడు.

"తెల్లార్నాక పీరా వచ్చి గుడ్డ ఎత్తినాడంట. అప్పటికీ ఆ దీపం ఎలుగుతానే ఉందంటన్నా. అదెట్ల? నువ్వు తెలిసినోనివి గదా."

ఆమె నింద వెయ్యలేదు. నిజంగానే తెలియక, తెలిసినవాడని అడిగింది. తిట్టి ఉంటే చినబాబు కాళ్ళ మీద పడి ఉండేవాడు. గొట్టాన్ని మళ్ళీ ఆమె ముక్కుమీదికి సర్ది బయటికి వచ్చేశాడు. కారిడార్‌లో గోడకి ఆనుకుని కూర్చుండిపోతే హుస్సేన్ పీరా వచ్చి భుజం పట్టుకుని లేపాడు. సూరాయమ్మ వస్తువులు చిన్న ప్లాస్టిక్ సంచిలో ఇచ్చారు. అందులో పసుపుతాడూ, దానికి తాళంచెవీ ఉన్నాయి.

విమానం కార్గోలో సూరాయమ్మ పెట్టెని త్రాసు మీద పెట్టి తూచారు. చినబాబు ఆ అంకె వైపు చూశాడు. ఎంత కాల్చినా తూకంలో ఏదీ పోదని ఫ్రెంచాయన నిరూపించాడు కదా. ఇక్కడ కూడా తూకానికి ఏమీ పోయినట్టు లేదు. ఆ మాట పైకే అన్నాడో మనసులో అనుకున్నాడో, పక్కనున్న అచ్చిబాబు మాత్రం అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఊళ్ళో ఇంకో ఘోరం జరిగింది. పెట్టె తెరిచి సూరాయమ్మని అరుగుమీద పడుకోబెట్టగానే, అందరిళ్ళల్లో చేసినట్టే తలదగ్గర దీపం పెట్టారు. అంతవరకూ కంటతడి పెట్టకుండా కూర్చున్న చినబాబు ఒక్కసారిగా లేచి వచ్చి, అరచేత్తో ఆ దీపాన్ని నలిపి ఆర్పేశాడు. ఆడవాళ్ళు గొల్లుమన్నారు. శవం దగ్గర దీపం ఆర్పేవాడెవడైనా ఉంటాడా, గల్ఫుకెళ్ళి మతి చెడిపోయిందా అని పెద్దవాళ్ళు కేకలేశారు. మళ్ళీ వెలిగించారు. మళ్ళీ ఆర్పాడు. మామగారు వచ్చి కావలించుకుని పక్కకి లాక్కెళితే, కాలిన చెయ్యి గుప్పిట మూసుకుని, "అది అబద్ధం సెప్తాది మావయ్యా, దాన్ని సూరి పక్కన పెట్టకండి" అన్నాడు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. దుఃఖంలో ఏదో వాగుతున్నాడని ఊరుకున్నారు.

కర్మకాండలయ్యాక అతను తిరిగి కువైట్ వచ్చేశాడు. ఎందుకొచ్చావని అచ్చిబాబు అడగలేదు. ఊళ్ళో ఉంటే ఆమె పుట్టి పెరిగిన ఇల్లు ఎదురుగా ఉంటుంది, ఇక్కడైతే నీలం కర్టెన్ ఒక్కటే. గది వదలలేదు. మార్చి వచ్చింది, ఖైమాలు ఎత్తేశారు. సంజీవమ్మ కోలుకుని పనిలోకి వెళ్ళింది. చినబాబు మంచానికి ఒక పక్కన ముడుచుకుని పడుకునేవాడు, రెండో పక్క ఎవరికో ఉంచినట్టు.

కొత్త తరగతులు మొదలై మళ్ళీ ఆ పాఠం రోజు వచ్చింది. పద్మశ్రీ మేడం అతని ముఖం చూసి, వేరేవాళ్ళని పంపమంటానంది. అక్కర్లేదన్నాడు. సీసా నీళ్ళు పొరలా జారేదాకా కడిగి, కొవ్వొత్తితో పాటు తెచ్చి బల్లమీద పెట్టాడు. కథ అయింది. మంట కుంగి, నీలంగా మారి, ఆరిపోయింది. చప్పట్లు కొట్టి పిల్లలు వెళ్ళిపోయారు.

"మేడం, ఒక మాటండి. కొవ్వొత్తి ఎలుగుతానే ఉండి, పక్కన మనిషి పోవడం ఉంటాదాండి?"

సూరాయమ్మ గుడారంలో బొగ్గుల వల్ల పోయిందని ఆవిడకి తెలుసు. కొవ్వొత్తి సంగతి తెలియదు. కుర్చీ జరుపుకుని అతన్ని కూడా కూర్చోమంది. అతను నిలబడే విన్నాడు.

ఉంటుందని చెప్పింది. బొగ్గు సరిపడా గాలి లేకుండా కాలితే ఇంకో వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తాన్ని పట్టుకుని ప్రాణవాయువుకి చోటు లేకుండా చేస్తుంది. గదిలో గాలి ఉంటుంది, మనిషికి మాత్రం అందదు. మంటకి రక్తం లేదు కదా, దానికి పట్టదు. లెవోయిజర్ కాలానికి ఆ వాయువు సంగతి ఎవరికీ సరిగా అంతుపట్టలేదు. ఆయన పోయిన యాభై ఏళ్ళకి దగ్గర దగ్గరగా, ఆ దేశంలోనే లెబ్లాంక్ అనే రసాయన శాస్త్రవేత్త మూసిన గదిలో బొగ్గులు కాల్చి, ఒక కుక్కనీ ఒక కొవ్వొత్తినీ పెట్టి చూశాడు.

"కుక్క ముందు చచ్చిపోయింది చినబాబూ. కొవ్వొత్తి ఆ తర్వాత కూడా కాసేపు వెలుగుతూనే ఉంది."

"ఇది మీకు ముందే తెలుసాండి?"

"ఎమ్మెస్సీలో చదువుకున్నాం."

"మరి పిల్లలకి సెప్పరేమండి?"

"పరీక్షలో రాదు కదా" అంది ఆవిడ, మామూలుగానే. తర్వాత అతని ముఖం చూసి, "ఎందుకడిగావు?" అంది.

చెప్పేస్తే ఒక్క మాట. మీ దగ్గర నేర్చుకున్న పాఠమే దానికి చెప్పి పంపానండి అంటే చాలు, ఆ బరువులో సగం ఆవిడ నెత్తికి ఎక్కేది. ఆవిడ ఇంక ఏ తరగతిలోనూ కొవ్వొత్తి వెలిగించలేకపోయేది. తాను విన్నంతలో తప్పు లేదు, ఆవిడ చెప్పినంతలోనూ తప్పు లేదు. మిగిలిన సగం ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అడగాల్సింది తనే. పెద్దల మాటకి పాఠం చెప్పబోయిన వాడు, ఒక్క ఫోన్ చేసి మేడంని అడిగి ఉండాల్సింది. ఎంత తిప్పినా లెక్క అక్కడికే వచ్చి ఆగింది.

"ఊరికేనండి. పిల్లలకి అది కూడా సెప్పండి మేడం. చలికాలం ఖైమాలకి ఎళ్తారు కదండీ" అన్నాడు.

ఆవిడ మంచి టీచరు, మాట తీసుకుంది. ఆ ఏడాది నుంచి లెవోయిజర్ కథ చివర కుక్కనీ కొవ్వొత్తినీ కూడా చేర్చింది. మూసిన గదిలో, గుడారంలో బొగ్గులు పెట్టుకోకూడదని, తలనొప్పి వస్తే దీపాన్ని చూడకుండా బయటికి పరుగెత్తమని పిల్లలచేత మూడుసార్లు అనిపించేది. ఇళ్ళల్లో పనివాళ్ళకి కూడా చెప్పమనేది. ఆ పాఠం విన్న పిల్లలు ఎంతమంది ఎవరెవరికి చెప్పారో, ఎవరు ఏ రాత్రి లేచి బయటికి వచ్చారో ఎవరికీ తెలియదు. వచ్చే ఉంటారని నేను నమ్ముతాను, నమ్మకపోతే ఇది చెప్పడం నా వల్ల కాదు.

చినబాబు ఇంకో ఆరేళ్ళు ఆ లేబ్‌లోనే పనిచేశాడు. మెళ్ళో నల్లదారానికి సూరాయమ్మ తాళంచెవి కట్టుకునేవాడు. ఆ పాఠం రోజు అన్నీ సర్దిపెట్టి, కుక్క సంగతి మొదలవగానే బయటికి వెళ్ళి వరండాలో నిలబడేవాడు. సీసా కింద ఆరిపోయిన కొవ్వొత్తిని మేడం ఆ కథ కోసం మళ్ళీ వెలిగించేది. గంట కొట్టి పిల్లలు వెళ్ళిపోయినా అది బల్లమీద వెలుగుతూనే ఉండేది. అప్పుడు లోపలికి వచ్చి, సీసా జోలికి పోకుండా, ఊదకుండా, రెండు వేళ్ళతో వత్తిని నలిపేవాడు.

ఆఖరి ఏడాది, మరిచిపోయిన గొడుగు కోసం పద్మశ్రీ మేడం వెనక్కి వచ్చింది. చినబాబు ఆరిన వత్తి మీద వేళ్ళు అలాగే ఉంచి, పక్కన ఎవరో పడుకుని ఉన్నట్టు వంగి మాట్లాడుతున్నాడు.

"లే సూరీ, దాన్ని సూడకు. బయటికి పోదాం రా."

ఆవిడ తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఆరేళ్ళ కిందట అతను అడిగిన ప్రశ్న ఎందుకడిగాడో ఆవిడకి అప్పుడు తెలిసింది. గొడుగు తీసుకోకుండానే వెళ్ళిపోయింది.